చేపలో పురుగు కనిపిస్తే: కత్తిపీట దగ్గర నుంచి పులుసు దాకా

సావళ్ళ లాంటి సముద్రపు చేపల పొట్ట చీల్చి పేగులు లాగినప్పుడు, కార్జం మీదా పేగుల్ని పట్టుకున్న పల్చటి పొర మీదా ఒక్కోసారి తెల్లటి చిన్న చుట్టలు కనిపిస్తాయి. కందిబద్దంత ఉంటాయి. వేలితో రుద్దితే ఊడవు. గోటితో పొర గీరితే చుట్ట విడిపోయి రెండు మూడు సెంటీమీటర్ల దారంలా సాగుతుంది. చేప తాజాదైతే ఆ దారం మెల్లగా మెలికలు కూడా తిరుగుతుంది. అప్పుడు ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. చేపంతా పారేయమని ఒకరంటారు. సముద్రం చేపకి ఇవి మామూలే, ఉప్పు, పసుపు వేసి కడిగితే పోతాయని ఇంకొకరంటారు. చేప పారేయనక్కర్లేదు. అలాగని కడిగితే పురుగు చావదు. ఇంట్లో దాన్ని చంపేది ముక్క నడిమధ్య దాకా తగిలిన వేడి ఒక్కటే. కనిపించిన పురుగు కంటే కనిపించకుండా కండలో ఉండిపోయిందే అసలు సమస్య కాబట్టి, పురుగు కనపడినా కనపడకపోయినా ప్రతి చేపకీ ఒకే పద్ధతి పాటించాలి.

ఆ చుట్ట పురుగులు అనిసాకిస్ కుటుంబానివి. పెద్ద పురుగు తిమింగలాలు, డాల్ఫిన్లు, సీల్‌ల కడుపులో ఉంటుంది. వాటి మలంతో గుడ్లు సముద్రంలోకి వస్తాయి. పిల్లపురుగును రొయ్యజాతి చిన్న జీవులు మింగుతాయి, వాటిని చేపలూ కణవలూ తింటాయి. చిన్న చేపను పెద్ద చేప తిన్నప్పుడు పురుగు చావకుండా పెద్ద చేపలోకి చేరిపోతుంది. అందుకే వేటాడి తినే చేపల్లో, వయసు ముదిరిన చేపల్లో ఎక్కువగా పోగుపడతాయి. ఈ కుటుంబంలోనే చేపల్ని తినే పక్షుల కడుపులో పెరిగే పురుగులూ ఉన్నాయి. గూడబాతులు వాటికి ఆశ్రయమిస్తాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం లాంటి చోట గూడబాతులు గుంపులుగా మేసే చెరువుల చేపల పొట్టలోనూ ఇలాంటి చుట్టలు కనిపిస్తే ఆశ్చర్యం లేదు.

మనిషి కడుపు ఈ పురుగుకు సరైన ఇల్లు కాదు. అక్కడ అది పెరగదు, గుడ్లు పెట్టదు, కొన్నాళ్ళకు చచ్చిపోతుంది. కానీ బతికి లోపలికి వెళ్తే, చచ్చేలోగా జీర్ణాశయం గోడలోకి తల దూర్చి తట్టుకోలేని నొప్పి తెప్పిస్తుంది. 1960లో నెదర్లాండ్స్‌లో ఈ జబ్బును మొదటిసారి గుర్తించారు. అక్కడ హెర్రింగ్ చేపను సరిగా ఉడికించకుండా, కొద్దిపాటి ఉప్పులో ఊరబెట్టి తింటారు. 1968 నుంచి ఆ చేపను ముందుగా గడ్డకట్టించాలని చట్టం పెట్టాక జబ్బు బాగా తగ్గిపోయింది. పచ్చి చేప ఎక్కువగా తినే జపాన్‌లో ఇది ఇప్పటికీ మామూలే. మన దగ్గర అరుదుగా కనిపించడానికి కారణం మన చేపల్లో పురుగు లేకపోవడం కాదు, మనం పులుసు పెట్టుకుని తినడం.

భయపెట్టేవన్నీ ప్రమాదం కావు

కానాగడతలు, పారలు, కవళ్ళ నోట్లోనో మొప్పల కిందో తెల్లటి బొద్దింకలాంటి పేను ఒకటి కూర్చుని ఉంటుంది. కాళ్ళతో పట్టుకుని చేప నెత్తురు తాగుతుంది. కొన్ని రకాలైతే చేప నాలుకనే తినేసి ఆ స్థానంలో కూర్చుంటాయి. చూడటానికి ఒళ్ళు జలదరిస్తుంది గానీ మనిషికి దానివల్ల ఏ జబ్బూ రాదు. మొప్పలతో పాటు పీకి పారేయండి. రొయ్య తలకి ఒక పక్క బుగ్గ ఉబ్బినట్టుంటే లోపల ఇలాంటి జీవే ఉంటుంది, అదీ అంతే. వన్నామీ రకం రొయ్యల చెరువుల్లో రొయ్య ఎదుగుదలను దెబ్బతీసే ఈహెచ్‌పీ పరాన్నజీవి వల్ల రైతుకే నష్టం. తినేవాళ్ళకు కాదు.

చెరువు చేపలైన బొచ్చె, శీలావతి ఒంటి మీద అంటుకునే పేనుకి, పొలుసుల మధ్య దారంలా వేలాడే లంగరు పురుగుకి ఇదే మాట వర్తిస్తుంది. అవి పట్టిన చోట పుండు పడి కండ ఎర్రగా కమిలి ఉంటుంది. ఆ మేర కండ కోసి తీసేస్తే చాలు. పుళ్ళు ఒంటినిండా ఉంటే మాత్రం కొనకండి. అప్పుడు సమస్య పురుగు కాదు, పుండులోకి చేరిన బ్యాక్టీరియా. వాలుగ పొట్ట కోస్తే గాలితిత్తిలో ఎర్రటి ఆకులాంటి పురుగు దొరుకుతుంది, దాని చుట్టూ నల్లగా మరకలుంటాయి. తిత్తి మొత్తం తీసి పారేయండి. గొరకలూ సావళ్ళ కండలో బియ్యపు గింజల్లా, సేమియా పోగుల్లా కనిపించే తెల్లటివి ఎక్కువగా సొరచేపల్లో పెరగాల్సిన బద్దెపురుగుల పిల్లలు. మనిషిలో అవి బతకవు. కానీ తినబుద్ధి కాదు, తీసేయవచ్చు.

మనిషికి నిజంగా హాని చేసేవి వేరు. సముద్రపు చేపలో అనిసాకిస్. మంచినీటి చేపలో కాలేయపు పురుగులు, పేగుల పురుగులు, చలి దేశాల సరస్సుల్లోని చేప బద్దెపురుగు. కొర్రమీను, పాముచేపల్లో నాథోస్టోమా. మంచినీటి పీతలో ఊపిరితిత్తుల పురుగు. నత్తలో మెదడు పొరలకు వాపు తెచ్చే సన్నటి పురుగు. వీటిలో చాలా రకాల పిల్లదశ కంటికి ఆనదు. అందుకే "శుభ్రంగా ఉంది, పురుగు కనపడలేదు" అనేది భరోసా కాదు.

పొట్ట ఎంత త్వరగా తీస్తే అంత మంచిది

చేప బతికున్నంతసేపూ ఈ చుట్టలు ఎక్కువగా పొట్టలోనే ఉంటాయి. చేప చచ్చి గంటలు గడిచే కొద్దీ కొన్ని పేగుల్ని వదిలి పొట్ట గోడలోకి, అక్కడి నుంచి కండలోకి దూరతాయి. బారువ, భావనపాడు, కళింగపట్నం, విజయనగరం వైపు చింతపల్లి, ముక్కాం లాంటి ఒడ్డు ఊళ్ళలో దీనికి మంచి అవకాశముంది. తెల్లవారుజామున వలలో పడినది పొద్దెక్కేలోగా గంపలోకి వస్తుంది. ఆ పూటే పొట్ట తీస్తే పని సగం అయిపోయినట్టే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మోటారు బోట్ల వేట ఆగినప్పుడు బజారుకొచ్చేది చాలావరకు దూరం నుంచి ఐసులో వచ్చిన చేప. పొట్టతోనే రోజుల తరబడి ఐసులో ఉండి వస్తుంది. ఐసు చేపను కుళ్ళకుండా ఆపుతుంది గానీ పురుగును చంపదు. సున్నా డిగ్రీల దగ్గర అది హాయిగా బతుకుతుంది. కాబట్టి ఆ రెండు నెలలూ పొట్ట గోడ పట్ల మరింత జాగ్రత్తగా ఉండాలి.

బజార్లో చేప కోసి ఇచ్చేవాళ్ళు తొందరలో ఉంటారు. పేగులు లాగి, ఒక చెంబుడు నీళ్ళు పోసి, ముక్కలు కొట్టి సంచిలో వేసేస్తారు. ముక్కలు కొట్టేముందు పొట్ట పూర్తిగా తెరిచి చూపించమని అడగండి. ఇంట్లో చేసుకునేటట్టయితే ఆసనం రంధ్రం దగ్గర కత్తి మొన పెట్టి గొంతు దాకా పైపైన చీల్చండి. మొన లోతుగా దిగితే పేగులు తెగి అందులోది కండకు అంటుకుంటుంది. పేగులు, కార్జం, తిత్తి ఒకే ముద్దగా లాగాలి. తర్వాత పొట్ట గోడ లోపలివైపున్న నల్లటి పొరను చెంచా అంచుతో గీకి తీసేయాలి, చుట్టలు ఎక్కువగా దాగేది ఆ పొర కిందే. వెన్నుముక వెంబడి ఉన్న నల్లటి నెత్తురు గడ్డను బొటనవేలితో తోసి కడగాలి. పెద్ద చేపలో పొట్ట అంచున పల్చగా ఉండే కండను రెండు వేళ్ళ మేర కోసి పారేస్తే ఇంకా మంచిది. కొవ్వుగా, రుచిగా ఉండే భాగమే, ఒప్పుకోవలసిందే. కానీ కండలోకి దూరిన పురుగుల్లో ఎక్కువ భాగం అక్కడే ఉంటాయి.

చేదుతిత్తి గురించి ఇక్కడే ఒక మాట. ఇది పురుగు సంగతి కాదు. శీలావతి లాంటి చెరువు చేపల పిత్తం మందని కొందరు పచ్చిగా మింగుతారు. అందులోని విషం మూత్రపిండాల్ని ఒక్కసారిగా దెబ్బతీస్తుంది, ఉడికించినా ఆ విషం పోదు. ఉద్దానంలో ఇప్పటికే మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అక్కడైతే ఈ అలవాటు ఎవరికున్నా మాన్పించండి.

కండలో పురుగు చూడాలంటే ఒక తేలిక ఉపాయం ఉంది. ముల్లు తీసిన పల్చటి ముక్కను గాజు పళ్ళెంలో పరిచి, గది చీకటి చేసి, పళ్ళెం కింద నుంచి ఫోను టార్చి వేయండి. కండ లేత గులాబీ రంగులో వెలుగుతుంది, పురుగు ఉన్నచోట గోధుమరంగు నీడలా చుట్ట కనిపిస్తుంది. పట్టకారుతో లాగేయవచ్చు. అయితే ఇది తెల్లకండ చేపలకి, అర సెంటీమీటరు మందం వరకే పనికొస్తుంది. కానాగడతలు, సూరల్లాంటి ముదురు కండలో వెలుగు దూరదు. ఎగుమతి ఫ్యాక్టరీల్లో వెలుగు బల్లల మీద చేసే పరీక్షలోనే కొన్ని తప్పించుకుపోతాయి. ఇంట్లో సంగతి చెప్పనక్కర్లేదు. కనపడినవి తీసేయడం మంచిదే. ఎందుకంటే కొందరికి చచ్చిన పురుగు కూడా పడదు, దద్దుర్లు లేస్తాయి. కానీ తీశాం కదా అని మంట తగ్గించకూడదు.

వేడి: ఎంత, ఎంతసేపు, ఎక్కడ

లెక్క సులువు. ముక్కలో అన్నిటికంటే మందంగా ఉన్నచోట, నడిమధ్యన, 60 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం ఒక నిమిషం నిలబడితే అనిసాకిస్ చస్తుంది. యూరప్ నియమం ఇదే. అమెరికాలో 63 డిగ్రీలు చెబుతారు. ఇంటికి 63 పెట్టుకోండి, కొద్దిపాటి తేడా వచ్చినా ఇబ్బంది ఉండదు. సూదిమొన ఉన్న డిజిటల్ థర్మామీటరు ఉంటే ముక్క పక్క నుంచి గుచ్చి, మొన మధ్యకి చేరాక ఆగి చూడండి. ముల్లుకి తగిలితే లెక్క తప్పుతుంది.

థర్మామీటరు లేకపోతే వెన్నుముక దగ్గర చూడాలి. కత్తి మొనతో అక్కడ కొద్దిగా విప్పండి. ఉడికిన కండ పాలలా తెల్లబడి రేకలు రేకలుగా విడిపోతుంది, ముల్లు నుంచి దానంతటదే ఊడి వస్తుంది. గాజులా మెరుస్తూ ముల్లుని పట్టుకుని ఉన్నా, ముల్లు పక్కన నెత్తురు ఎర్రగానే ఉన్నా ఇంకా కాలేదన్నమాట. పైన మసాలా రంగుని, నూనె తేలడాన్ని చూసి ఉడికిందనుకోవడం దగ్గరే చాలామంది మోసపోతారు.

పులుసులో అసలు ప్రమాదం తక్కువ. తెర్లే నీళ్ళు దాదాపు 100 డిగ్రీలుంటాయి, చింతపండు పులుపు ఉన్నా లేకపోయినా. రెండు, రెండున్నర సెంటీమీటర్ల మందం ముక్కలైతే, వేశాక పులుసు మళ్ళీ తెర్లడం మొదలైన దగ్గర నుంచి 10 నుంచి 12 నిమిషాలు మధ్యస్థం మంట మీద ఉంచితే చాలు. "మళ్ళీ తెర్లినప్పటి నుంచి" అనేది గుర్తుంచుకోండి. కిలో ముక్కలు ఒక్కసారి దాకలో పడేసరికి తెర్లడం ఆగిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసినవైతే అయిదారు నిమిషాలు ఆగే ఉంటుంది. ముక్క వేసిన క్షణం నుంచి పది నిమిషాలు లెక్కపెట్టి దింపేస్తే నిజంగా ఉడికింది నాలుగు నిమిషాలే. ముక్క విరిగిపోతుందని భయపడి స్టవ్ ముందే కట్టేసి, ఆ వేడికే మగ్గుతుందిలే అనుకోవడం ఇంకో పొరపాటు. పెద్ద కోనాం నడిమి ముక్కలు నాలుగు సెంటీమీటర్ల మందం కొట్టించుకుంటే ఆ మగ్గడం లోపలిదాకా చేరదు. ముక్క రెండున్నర మించకుండా కొట్టించండి. లేదా ఉడికే సమయం పెంచండి.

తలకాయ, జన (చేప గుడ్ల ముద్ద) వేరే లెక్క. పెద్ద బొచ్చె తలను రెండు చేయించి పదిహేను నిమిషాలైనా ఉడికించాలి. మొప్పల వెనక కండ, తల లోపలి జిగురు చివర్న వేడెక్కే చోట్లు. జన బిళ్ళ మందంగా ఉంటే ఉడికేకొద్దీ పైపొర గట్టిపడి లోపలికి వేడి నెమ్మదిగా వెళ్తుంది. వేలు మందాన ముక్కలు చేసి వేయండి. లోపలి గింజలన్నీ ఒకే రంగుకి తిరిగి పొడిపొడిగా విడిపోవాలి. మధ్యలో జిగటగా, పారదర్శకంగా ఉంటే ఇంకా పచ్చిదే.

వేపుడులోనే తప్పులు ఎక్కువ. పెనం మీద పెద్ద మంట పెడితే కారం, అల్లంవెల్లుల్లి రెండు నిమిషాల్లో మాడిపోతాయి. మాడుతోందని తీసేస్తారు, లోపల పచ్చిగా ఉంటుంది. ఒకటిన్నర సెంటీమీటరు ముక్కకి నూనె కాగాక మంట మధ్యస్థానికి తగ్గించి ఒక్కో వైపు 4, 5 నిమిషాలు. గడ్డకట్టిన ముక్కను నేరుగా నూనెలో వేయకండి. ముందు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి దింపి కరగనివ్వండి. నెత్తళ్ళకి ఈ బెడద లేదు, అంత సన్నటి చేపకి రెండు మూడు నిమిషాల్లో వేడి ముల్లు దాకా వెళ్తుంది. ఒడ్డున నిప్పుల మీద చేప కాల్చేటప్పుడు పొట్ట తీయకుండా ఎప్పుడూ కాల్చవద్దు. తీశాక రెండు వైపులా ముల్లు దాకా గాట్లు పెట్టండి. మంట మీద కాకుండా బూడిద కట్టిన నిప్పుల మీద, మూడు సెంటీమీటర్ల మందం చేపకి ఒక్కో వైపు 7, 8 నిమిషాలు పడుతుంది. తోలు నల్లబడటం ఉడికినట్టు గుర్తు కాదు. మైక్రోవేవ్‌లో వేడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తగులుతుంది. అందులో వండితే 74 డిగ్రీలు చూసుకోవాలి. మధ్యలో ముక్కలు తిరగేసి, అయ్యాక రెండు నిమిషాలు మూత పెట్టి ఉంచాలి.

ఉప్పు, నిమ్మరసం, ఫ్రీజరు

నిమ్మరసం పిండితే చేప కండ తెల్లబడుతుంది, ఉడికినట్టే కనిపిస్తుంది. వేడి తగిలినా పులుపు తగిలినా మాంసకృత్తులు గట్టిపడతాయి కాబట్టి అలా ఉంటుంది. పురుగు మాత్రం కడుపులోని ఆమ్లాన్నే తట్టుకునేది. నిమ్మరసం, వెనిగర్ దాన్ని ఏమీ చేయలేవు. స్పెయిన్‌లో నెత్తళ్ళ జాతి చేపను వెనిగర్‌లో ఊరబెట్టి పచ్చిగా తినడం వల్ల ఈ జబ్బు ఎక్కువగా వస్తుండటంతో, హోటళ్ళలో ముందు గడ్డకట్టించాలని 2006లో నియమం పెట్టారు. పసుపు, కారం, మిరియాలు, సారా ఇవేవీ పురుగును చంపవు. పసుపు, ఉప్పు పెట్టి ముక్కల్ని అరగంట ఉంచడం నీచు వాసన తీయడానికి పనికొస్తుంది, అంతవరకే.

ఉప్పు నీళ్ళలో పురుగు వారాల తరబడి బతుకుతుంది. ఉప్పు పొడిగా దట్టంగా పట్టించి, నీరంతా దిగిపోయి, కండ గట్టిపడేదాకా వారాలు ఉంచితేనే చస్తుంది. ఉప్పుచేపనైనా, ఎండు సావళ్ళనైనా, ఎండు నెత్తళ్ళనైనా మనం ఎలాగూ వండుకునే తింటాం. ఆ అలవాటు మానకండి. ఎండుచేపలో కదిలే పురుగు కనిపిస్తే అది పరాన్నజీవి కాదు. ఎండబెట్టినప్పుడు ఈగ పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన పొట్టి తెల్ల పురుగో, నిలవ చేశాక పట్టిన గోధుమరంగు వెంట్రుకల పురుగో అయ్యుంటుంది. దాని అర్థం చేప సరిగా ఎండలేదని, నేల మీద ఎండేశారని. నేలకు మూడడుగుల ఎత్తున వల పరిచిన పందిరి మీద, పైన దోమతెర కప్పి ఎండబెడితే ఈ బాధ ఉండదు.

ఫ్రీజరు విషయంలో అపోహలు చాలా ఉన్నాయి. యూరప్ నియమం ప్రకారం ముక్క అన్ని భాగాల్లోనూ మైనస్ 20 డిగ్రీలు 24 గంటలు ఉండాలి. అమెరికాలో మైనస్ 20లో 7 రోజులు, లేదా మైనస్ 35లో గట్టిపడ్డాక అదే చలిలో 15 గంటలు అంటారు. ఇళ్ళలో ఒకే తలుపున్న ఫ్రిజ్‌లో పైన ఉండే ఐసు డబ్బా అంత చల్లబడదు. తలుపు మీద నక్షత్రాలు చూడండి. ఒక నక్షత్రం మైనస్ 6, రెండైతే మైనస్ 12, మూడైతే మైనస్ 18. రెండు తలుపుల ఫ్రిజ్‌లోనూ మామూలుగా మైనస్ 18 దగ్గర ఆగుతుంది. తలుపు తీసి మూసినప్పుడల్లా ఇంకా పెరుగుతుంది. కరెంటు పోతే లెక్క మొదటి నుంచి పెట్టుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత లాగా రోజుల తరబడి కరెంటు లేకపోతే ఆ చేప సంగతి పురుగుల దాకా ఎందుకు, ముందు కుళ్ళు చూసుకోవాలి. మొత్తానికి వండుకునే చేపకి ఫ్రీజరు అవసరం లేదు, పచ్చిగా తినే చేపకి ఇంటి ఫ్రీజరు చాలదు. ఓడల మీద పనికి, నగరాల్లో ఉద్యోగాలకి వెళ్ళిన పిల్లలు సుషీ లాంటి పచ్చిచేప వంటకాలు తినాలనుకుంటే, చేపను పరాన్నజీవుల కోసం గడ్డకట్టించారా అని అడిగి, అవునంటేనే తినమనండి. బజార్లో కొన్న తాజా కోనాంతో, సూరతో ఇంట్లో వాటిని ప్రయత్నించవద్దు. తాజాదనం ఇక్కడ రక్షణ కాదు, చేప ఎంత తాజాగా ఉంటే పురుగు అంత చురుగ్గా ఉంటుంది.

గెడ్డలు, బందలు, మడులు

గెడ్డలనే వాగుల్లో, బందలనే చెరువుల్లో, వరిమడుల్లో చేసే మంచినీటి వేట వేరే జాగ్రత్త అడుగుతుంది. కొర్రమీను, మార్పు అనే మీసాల చేప, పాముచేపలు నాథోస్టోమా అనే పురుగు పిల్లల్ని మోయగలవు. దీని పెద్ద పురుగు పిల్లి, కుక్కల కడుపు గోడలో ఉంటుంది. పచ్చి చేపతో మనిషిలోకి వస్తే చర్మం కింద తిరుగుతూ ఈరోజు ఇక్కడ, వారానికి అక్కడ వాపు తెస్తుంది, కంటిలోకో మెదడులోకో వెళ్తే పెద్ద ముప్పు. మృగశిర కార్తెనాడు బతికున్న కొర్రమీను పిల్లను మందుతో మింగే అలవాటు ఉంది. ఆ మందు సంగతి ఎవరి నమ్మకం వాళ్ళది. మింగేది మాత్రం పచ్చి కొర్రమీనే అని తెలిసి నిర్ణయించుకోండి.

వానాకాలంలో మడుల్లో పట్టిన పీతల్ని నిప్పులో వేసి, డెక్క ఎర్రబడగానే విరిచి తినడం పిల్లలకి సరదా. డెక్క ఎర్రబడటానికి పట్టే వేడి వేరు, లోపలి కండ ఉడకడానికి పట్టేది వేరు. మంచినీటి పీతల్లోంచి వచ్చే ఊపిరితిత్తుల పురుగు మన దేశంలో మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఎక్కువగా తెలిసినది. నెత్తుటి కళ్ళె పడుతుంది కాబట్టి క్షయ అనుకుని నెలల తరబడి తప్పు మందులు వాడినవాళ్ళున్నారు. పీతల్ని ముందు నీళ్ళలో పది నిమిషాలు తెర్లించి, తర్వాత కాల్చుకోవాలన్నా ఇగురు పెట్టుకోవాలన్నా చేసుకోండి. దంచి రసం తీసే పద్ధతిలో అయితే రోలు, చేతులు, పచ్చిరసం తగిలిన గిన్నె సబ్బుతో వేడినీళ్ళతో కడగాలి. పిల్లపురుగు ఆ రసంతో చట్నీ రోట్లోకి పోయిందంటే పీతను ఉడికించి లాభం లేదు.

నత్తల విషయంలో మొహమాటం వద్దు. గుల్లతోనే తెర్లే నీళ్ళలో పది నిమిషాలు ఉడికించి, మాంసం తీసి, పేగు భాగం తీసేసి మళ్ళీ కూర వండాలి. మందని పచ్చిగా మింగడం, సగం ఉడికిన రసం తాగడం ప్రమాదం. పచ్చి నత్త నుంచి వచ్చే పురుగు మెదడు పొరలకు వాపు తెస్తుంది.

తీసిన పేగులు, మొప్పలు ఎక్కడ వేస్తున్నారన్నది కూడా ఇందులో భాగమే. పిల్లికి, కుక్కకి పచ్చిగా వేస్తే వాటి కడుపులో పురుగు పెరిగి, మలంతో గుడ్లు వానకి కొట్టుకెళ్ళి అదే బందలోకి చేరతాయి. కోసిన చోటే చెరువులో విసిరేస్తే ఇంకా దగ్గరి దారి. అడుగున్నర లోతు గుంటలో పూడ్చండి, కుక్క తవ్వకుండా పైన రాయి పెట్టండి. పెంపుడు జంతువులకి పెట్టాలంటే పది నిమిషాలు ఉడికించి పెట్టండి. చేప కోసిన కత్తిపీట, పలక కడగకుండా అదే చోట ఉల్లిపాయలు, టమాటాలు తరగకండి. పచ్చి చేప ముద్దలో ఉప్పు సరిపోయిందా అని నాలుక మీద వేసుకుని చూసే అలవాటు ఉంటే మానండి. బద్దెపురుగులున్న చలిదేశాల్లో వంట చేసేవాళ్ళకి ఆ జబ్బు అలాగే పట్టేది.

ఒకవేళ లోపలికి వెళ్తే

పచ్చి చేప, సగం ఉడికిన చేప తిన్న కొన్ని గంటల్లోనే, తరచుగా అదే రాత్రి, పొట్ట పైభాగంలో మెలిపెట్టే నొప్పి, వాంతులు వస్తే అనిసాకిస్ అనుమానించాలి. పేగుల్లోకి దిగితే అయిదారు రోజుల తర్వాత నొప్పి మొదలై అపెండిసైటిస్ లాగా కనిపిస్తుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎంత ఉడికింది అనేవి అడగకముందే చెప్పండి. ఇది చెప్పకపోతే గ్యాస్ మందుతో తిప్పి పంపే అవకాశముంది. జీర్ణాశయంలో ఉంటే ఎండోస్కోపీ గొట్టంతో చూస్తూ పురుగును పట్టి తీసేస్తారు, నొప్పి చాలాసార్లు వెంటనే తగ్గుతుంది. వాంతిలో పురుగు కనిపిస్తే చిన్న సీసాలో కొద్దిగా నీళ్ళలో వేసి తీసుకెళ్ళండి, చూపిస్తే పని తేలికవుతుంది.

ఒంటిమీద దద్దుర్లు, పెదాలు ఉబ్బడం, ఊపిరాడకపోవడం అలర్జీ. ఊపిరి ఇబ్బంది ఉంటే క్షణం ఆలస్యం చేయకండి. కానాగడతలు, సూర తిన్న నిమిషాల్లో ముఖం ఎర్రబడి, మంట, తలనొప్పి వస్తే మాత్రం అది ఎక్కువగా పురుగు వల్ల కాదు. ఎండలో చేప పాడై హిస్టమిన్ తయారై ఉంటుంది. దాన్ని ఎంత ఉడికించినా పోదు. పట్టిన దగ్గర నుంచి ఐసులో ఉంచడం ఒక్కటే దారి.

నత్తలు తిన్న రెండు మూడు వారాల లోపు తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం, చర్మం మీద చీమలు పాకినట్టుండటం జరిగితే కూడా అదే పద్ధతి, తిన్నది చెప్పాలి. బడుల్లో ఫిబ్రవరి, ఆగస్టుల్లో వేసే నులిపురుగుల మాత్ర మట్టి ద్వారా వచ్చే పురుగుల కోసం. చేపల నుంచి వచ్చే కాలేయపు పురుగుకి, బద్దెపురుగుకి వాడే మందు వేరు, మోతాదు బరువును బట్టి వైద్యులు నిర్ణయిస్తారు. ఆ మాత్ర వేశాం కదా అని పిల్లల్ని మడి పీతలు కాల్చుకు తిననివ్వకండి, షాపులో పురుగుల మందు అడిగి మీ అంతట మీరు వేసుకోకండి. నత్తల పురుగు విషయంలో ఇది మరీ ముఖ్యం. మెదడు దగ్గర పురుగులు ఒక్కసారిగా చస్తే వాపు ఇంకా పెరగవచ్చు.